ధర్మరాజు వెంట కుక్క, ట్రెయిల్ మీద కుక్క

సుదీర్ఘమైన కాలిబాటను ముక్కలు ముక్కలుగా నడిచేవారిని అసలైన బాటసారుల లెక్కలో వేయరాదన్న వాదం ఈ వారం మళ్లీ ఒకచోట అచ్చులో కనిపించింది. నడకను గడియారంతో కొలవరాదని ఈ శీర్షిక ఎన్నాళ్లుగా పట్టుబడుతోందో తెలిసిన పాఠకులకు, ఆ మాట ఇక్కడ ఎందుకు నొప్పి కలిగించిందో వేరే చెప్పనక్కరలేదు. అమెరికా తూర్పు కొండల మీదుగా, జార్జియాలోని స్ప్రింగర్ కొండ నుంచి మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం దాకా, 14 రాష్ట్రాల్లో సుమారు 3,500 కిలోమీటర్లు సాగే అపలాచియన్ ట్రెయిల్‌ను ఒకే విడతలో కొన్ని నెలలపాటు నడిచి ముగించడాన్ని థ్రూ హైక్ అనీ, సెలవు దొరికినప్పుడల్లా కొంత చొప్పున ఏళ్ల తరబడి నడవడాన్ని సెక్షన్ హైక్ అనీ అంటారు. ఆ బాట బాగోగులు చూసే సంస్థ ఈ రెండు పద్ధతుల్లో పూర్తిచేసినవారికీ ఒకే గుర్తింపు ఇస్తుంది. ఎన్నేళ్లు పట్టిందనిగానీ, ఏ ముక్క ముందు నడిచారనిగానీ అడగదు. వాదం అక్కడితో ముగిసిపోవలసింది.

అయితే నడిచేవారి వెంట కుక్క ఉంటే, గుర్తింపు పత్రం సంగతి వెనకబడి, కుక్క ఒంటి సంగతి ముందుకు వస్తుంది. మనిషిలా ఒళ్లంతా చెమట పట్టని కుక్క ప్రధానంగా నాలుక చాచి రొప్పడం ద్వారానే వేడిని తగ్గించుకుంటుంది కనుక, మనిషికి హాయిగా తోచే ఎండ దానికి ప్రాణాంతకం కావచ్చు. పెన్సిల్వేనియా ఉత్తర భాగంలో నేలలోంచి పొడుచుకు వచ్చిన రాళ్ల మీద పూట నడిచాక దాని పాదం పైకెత్తి చూస్తే, నల్లని మెత్తల అంచులు గరుకెక్కి, వేళ్ల సందుల్లో చర్మం ఎర్రగా కమిలి ఉంటుంది. అదే సందుల్లో, చెవుల లోపల, మెడపట్టీ కింద పిడుదులు దాగి ఉంటాయి. కొన్ని ప్రాంతాల్లో గోమార్లని పిలిచే ఈ పురుగులను సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిటారుగా లాగాలి. లైమ్ వ్యాధిని మోసుకొచ్చే పిడుదు సాధారణంగా ఒక రోజుకు పైగా అంటిపెట్టుకుని ఉంటేనే ఆ సూక్ష్మజీవి ఒంట్లోకి ఎక్కుతుంది కాబట్టి, ప్రతి సాయంత్రం చేసే ఈ వెతుకులాటకు అంత విలువ ఉంది. యజమాని కదిలితే చాలు, కుక్క కుంటుతూనైనా వెంట కదులుతుంది. చాలునని చెప్పే భాష దానికి లేదు.

ఆ విధేయతే ఈ బాట చరిత్రలో ఒక మహత్తర ఘట్టానికి కారణమైంది. 1990లో బిల్ ఇర్విన్ అనే అంధుడు ఓరియెంట్ అనే జర్మన్ షెపర్డ్ తోడుగా జార్జియాలో బయలుదేరి, అదే ఏడాది నవంబరులో మెయిన్ చేరాడు. చూపులేని మనిషి ఈ బాటను ఒకే విడతలో నడవడం అదే మొదటిసారి. వీరిద్దరి కథ వినగానే తెలుగు పాఠకుడి మనసు మహాప్రస్థానిక పర్వానికి వెళ్లకుండా ఉండదు. తమ్ములూ ద్రౌపదీ ఒక్కొక్కరే కూలిపోగా, చివరిదాకా వెంట వచ్చిన కుక్కను విడిచి రమ్మన్న ఇంద్రుడి మాటను ధర్మరాజు తోసిపుచ్చాడు. యాదృచ్ఛికమే అయినా, అపలాచియన్ ట్రెయిల్ చిట్టచివరి శిఖరం వద్దా అదే అడ్డంకి ఉంది: కటాడిన్ ఉన్న బాక్‌స్టర్ స్టేట్ పార్క్‌లోకి పెంపుడు జంతువులను రానివ్వరు, గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్క్‌లో ఈ బాట సాగే సుమారు 115 కిలోమీటర్లలోనూ కుక్కకు ప్రవేశం లేదు. ఇర్విన్‌కు ఓరియెంట్ దారి చూపే సహాయక జంతువు కనుక, దాని సంగతి వేరు. మిగతావారు ధర్మరాజు బాటలో శిఖరాన్నే వదులుకోవాలని అనిపించడం సహజం.

కాని ఆ పోలిక నిలవదు. ధర్మరాజు వెంట వచ్చిన కుక్క తనంతట తాను వచ్చింది, దానికి వెనక ఇల్లు లేదు, ఆ ప్రయాణానికి తిరుగు దారీ లేదు. ట్రెయిల్ మీది కుక్కను మనిషి తన ఇష్టం కొద్దీ తీసుకువెళ్తాడు, దానికి ఇల్లుంది, ఇంట్లో దాని పడక ఉంది. పైగా మాజీ గవర్నర్ పెర్సివల్ బాక్‌స్టర్ 1931 నుంచి 1962 వరకు విడతలుగా కొని మెయిన్ ప్రజలకు రాసిచ్చిన ఆ అడవి, అడవిగానే మిగలాలన్న షరతు మీద నిలిచినది. కుక్క వాసనకే అడవి జంతువులు చెదిరిపోతాయి, దాని రోగాలు వాటికి సోకవచ్చు. అక్కడ కుక్కను ఇంట్లో వదిలి వెళ్లడమే ధర్మం.

అందువల్ల సెక్షన్ హైక్ థ్రూ హైక్‌తో సమానమన్న పాత వాదాన్ని ఈ శీర్షిక సవరించుకోవలసి వస్తోంది: కుక్క తోడున్నవారికి అవి సమానం కావు, ముక్కలుగా నడవడమే మేలు. ఒకే విడతలో వెళ్లేవారు స్మోకీ పర్వతాల ముందు కుక్కను ఎవరికో అప్పగించి, అవతలి వైపు తిరిగి తీసుకోవలసి ఉంటుంది. సెక్షన్లుగా నడిచేవారు దాన్ని ఇంటి నుంచి తీసుకురారు, అంతే. నడిఎండల్లో మానుకుని చలి మొదలయ్యాక వెళ్లవచ్చు, గాయపడిన పాదం మానేదాకా ఆగవచ్చు. ఈ బాట సాగే న్యూజెర్సీ, వర్జీనియా, జార్జియా రాష్ట్రాల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు వారాంతపు సెక్షన్లు అందుబాటులోనే ఉన్నాయి. వరుసను ఎవరూ అడగరు కనుక కటాడిన్‌నూ స్మోకీలనూ ఒంటరిగా ముందే నడిచేసి, బాటలో సుమారు పావు వంతు ఉన్న వర్జీనియాలో, గొలుసుతో కుక్కను అనుమతించే షెనాండోవా కొండల్లో, ముసలితనం దగ్గరపడుతున్న కుక్క కూడా నడవగల ఒక చిన్న ముక్కను చివరికి మిగుల్చుకోవచ్చు.