ఇల్లాలి హితవు: ‘ధనత్రయోదశి’ చెప్పినదీ, చెప్పనిదీ

‘ఇంటికి దీపం ఇల్లాలు’ అన్న నానుడిని పండుగ సభలలో మనం తరచుగా వింటూనే ఉంటాము. ఆ దీపానికి చమురు పోయవలసినది ఎవరన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. భండారు అచ్చమాంబ 1902లో ‘హిందూ సుందరి’ పత్రికలో ప్రకటించిన ‘ధనత్రయోదశి’ కథను ఈ ప్రశ్నతో మరల చదువవలసి ఉన్నదని మా అభిప్రాయం.

కథ చిన్నది. దీపావళి ముంగిట లేమితో సతమతమవుతున్న కుటుంబం. భర్త వెంకటరత్నం యజమాని సొమ్ముకు ఆశపడతాడు. అన్యాయార్జితంతో వచ్చే పండుగ తమకు వద్దని భార్య విజయలక్ష్మి అతనిని ధర్మమార్గానికి మరలిస్తుంది. ధనలక్ష్మిని కొలిచే దినాన, లక్ష్మి పేరు గల ఇల్లాలే దొంగసొమ్మును వలదనడం ఈ కథకు నిండుదనం తెచ్చింది.

చాలాకాలం తొలి తెలుగు కథానికగా పేరొందిన గురజాడవారి ‘దిద్దుబాటు’ 1910లో వెలువడింది. అక్కడ వేశ్య నాట్యానికి మరగిన గోపాలరావును భార్య కమలిని ఉత్తరం వ్రాసిపెట్టి, కనుమరుగై దిద్దుతుంది. వాడుకభాషలోని చురుకు, హాస్యం, కథన నైపుణ్యం గురజాడవారి కథలోనే మిన్న. అయితే అక్కడ కమలినిని మనం ఎక్కువగా భర్త కలవరంలోనుండి ఊహించుకుంటాము. విజయలక్ష్మి ఆలోచననైతే ఆమె నోటనే వింటాము. ఈ విషయంలో అచ్చమాంబ కథదే పైచేయి.

రెండు కథలకూ ఒక పరిమితి ఉన్నది. ఇల్లాలి వివేకమంతా భర్తను సరిదిద్దుటకే వినియోగమవుతుంది. ఆమెకంటూ ఏమి కావాలో కథ అడుగదు. సంస్కరణ గృహంలో మొదలు కావాలనుట ఒప్పే. కాని ఆ భారమంతా ఒక్కరి భుజాన మోపి, ఆపై స్తుతించి ఊరుకొనుట న్యాయం కాదు.

అచ్చమాంబ జీవితం ఆమె కథానాయికను దాటిపోయింది. 1874లో జన్మించి, బాల్యంలోనే వివాహమై, బడి ముఖమెరుగని ఆమె, సోదరుడు కొమర్రాజు లక్ష్మణరావు చదువు చెంతనే అక్షరాలు నేర్చింది. తెలుగునేలకు దూరంగా మధ్యపరగణాలలో కాపురముంటూ, స్త్రీలు అబలలన్న నిందను ఖండించుటకు ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను రచించింది. కథ వెలువడిన 1902లోనే ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించింది. 1905లో, ముప్పది యేండ్ల ప్రాయంలోనే, కన్నుమూసింది. విజయలక్ష్మి ఇంటిని దిద్దింది. అచ్చమాంబ ఇల్లిల్లూ కదలి సమాజం కావాలని కోరింది.

పరభాషల నడుమ తెలుగును నిలుపుకొనుట ఎంత శ్రమయో దుబాయి, అబూధాబి, షార్జాలలో నివసించే మనకు తెలియనిది కాదు. పిల్లలకు అక్షరాలు, శ్లోకాలు, పండుగల అర్థాలు నేర్పే పని మన ఇండ్లలో ఎక్కువగా తల్లులదే. వారిని వేదికపై సత్కరించుట మంచిదే. పలక పట్టుకొని తండ్రి కూడా పక్కన కూర్చొనుట అంతకన్న మంచిది. రాబోయే ధనత్రయోదశి నాడు ఈ కథను దంపతులిద్దరూ పిల్లల ఎదుట చదివి వినిపింపవలెనని మా మనవి.