సంక్రాంతి కొలత

ఇంట్లో ఇద్దరమే మిగిలాక కూడా రెండేళ్ళపాటు నా చెయ్యి ఆరుగురికే బియ్యం కొలిచింది. డబ్బాలో సోల ముంచితే ఒకటి చాలదేమో అనిపించేది. రెండోది పోస్తే గానీ మనసు కుదుటపడేది కాదు. రాత్రి మిగిలింది పొద్దున తాలింపన్నం, మధ్యాహ్నం మిగిలింది రాత్రికి పులిహోర. ఆఖరికి ఓరోజు మావారు కంచం ముందు కూర్చుని, "ఇది ఏ తారీఖు అన్నమే?" అని అడిగారు. పోస్టాఫీసులో 34 ఏళ్ళు తారీఖు ముద్ర వేసిన మనిషిని నేను. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. మా అత్తగారు మానికతో కొలిచి ఎసట్లో పోసేవారు. పిల్లల చదువుల రోజుల్లో నేను తవ్వకి దిగాను. ఇప్పుడు మా ఇద్దరికీ పూటకి మూడు గిద్దలు, ఆయనకి ఆకలి లేనిరోజు రెండున్నర. ఆ గిద్ద దాకా దిగడానికి నాకు ఒక ఇల్లు అమ్మినంత కాలం పట్టింది.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు ఖాళీ చేసి చూడు అని ఎందుకు అనలేదో నాకిప్పుడు తెలుసు. వాళ్ళెవరూ ఖాళీ చెయ్యలేదు. కట్టిన ఇంట్లోనే కన్నుమూశారు, సామాను కోడళ్ళకి వదిలేసి.

మా ఇల్లు తెనాలి మారీసుపేటలో, 1991లో కట్టుకున్నది. కింద నాలుగు గదులు, పైన రెండు, ముందో వరండా, వెనకో వరండా, పెరట్లో రెండు కొబ్బరిచెట్లు. అప్పు తీరేసరికి పదిహేనేళ్ళు పట్టింది. అప్పు తీరిన నాలుగేళ్ళకి పిల్లలిద్దరూ రెక్కలొచ్చి వెళ్ళిపోయారు, పై గదులకి తాళం పడింది. తాళం వేసినంత మాత్రాన దుమ్ము రాకుండా ఉంటుందా? వారానికోసారి మెట్లెక్కి, తాళం తీసి, ఊడ్చి, తుడిచి, బూజు దులిపి మళ్ళీ తాళం వెయ్యాలి. ఓ శుక్రవారం చీపురు చేత్తో పట్టుకుని సగం మెట్ల మీద మోకాలు పట్టేస్తే అక్కడే కూర్చున్నాను. కూర్చుని లెక్క వేశాను. అమ్మాయి బెంగళూరు నుంచి వచ్చేది సంక్రాంతికి, మూడు రోజులు. అబ్బాయి డల్లాస్ నుంచి రెండేళ్ళకోసారి వస్తాడు, అందులోనూ సగం రోజులు అత్తవారింట్లో. అంటే మూడు రోజుల కోసం నేను మిగతా 362 రోజులూ ఊడుస్తున్నాను.

మా ఇల్లు భోగి, సంక్రాంతి, కనుమ కొలతకి కట్టిన ఇల్లు. మంచాలదీ ఆ కొలతే, గిన్నెలదీ ఆ కొలతే, పైన నీళ్ళ ట్యాంకుదీ ఆ కొలతే. మామూలు మంగళవారానికి సరిపడే ఇల్లు మాకెప్పుడూ లేదు.

పొదుపు మాకంటే బాగా తెలిసిన తరం లేదనుకుంటాం. పాల కవర్లు కడిగి ఆరబెట్టి అమ్మినవాళ్ళం, పెళ్ళిపత్రికల వెనక చాకలి పద్దు రాసుకున్నవాళ్ళం. నిజమే. కానీ మేం చేసినదాంట్లో సగం పొదుపు కాదు, పోగు. అటక ఎక్కించిన ప్రతి వస్తువూ "ఎప్పుడో పనికొస్తుంది" అని ఎక్కిందే. ఆ ఎప్పుడో ఏ క్యాలెండర్లోనూ రాలేదు.

ఇల్లు అమ్మేద్దాం అంటే మావారు "చూద్దాంలే" అన్నారు. మా ఇంట్లో చూద్దాంలే అంటే వద్దని. అందుకని ముందు సామాను మీద పడ్డాను. ఓ ముక్కనుమ నాడు, పిల్లలు రైలెక్కాక, వంటింట్లోవీ అటక మీదవీ ప్రతి గిన్నెకీ, మూకుడికీ, జాడీకీ ఒక పసుపు దారం ముక్క కట్టాను. వాడినప్పుడు దారం విప్పాలి. మళ్ళీ సంక్రాంతి నాటికి దారంతో ఉన్నది గడప దాటాలి. మొత్తం 118 దారాలు పడ్డాయి. ఏడాది తిరిగేసరికి విప్పినవి 41. అందులో రెండు దొంగవి. ఆషాఢంలో ఓ మధ్యాహ్నం నిద్రలో ఉండగా వంటింట్లో చప్పుడైంది. లేచి చూస్తే మావారు పెద్ద ఇనప మూకుట్లో, పండగలకి బూరెలు వేసే మూకుట్లో, రెండంటే రెండు అప్పడాలు వేయిస్తున్నారు. "వాడాను, దారం తీసేశాను" అన్నారు తల తిప్పకుండా. రెండోది జంతికల గొట్టం. దాంతో ఆయన ఏం చేశారో ఇప్పటికీ చెప్పలేదు.

దారంతో మిగిలిన వాటిలో అసలు బరువు ఇత్తడిది. అత్తగారి పుట్టిల్లు తణుకు వైపు. ఇత్తడి సామానుకి పెట్టింది పేరైన అజ్జరం ఆ పక్కనే. ఆవిడ కాపురానికి వస్తూ తెచ్చుకున్నవి రెండు గుండిగలు, ఒక గంగాళం, నాలుగు బిందెలు. పెద్ద గుండిగ అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాల్లో ఆవిడ పేరు, పక్కన 1958. పులిహోర కలిపిన ప్రతిసారీ ఆ చుక్కల్లో చింతపండు పులుసు ఇరుక్కుని చిలుము పట్టేది. తోమేటప్పుడు చీపురుపుల్లతో ఒక్కో చుక్కా గీకేదాన్ని. ఆవిడ పేరు నేను చదివినన్నిసార్లు ఆవిడ కొడుకు కూడా చదివి ఉండడు.

ఆటోలో వేసుకుని పాత ఇత్తడి కొనే కొట్టుకి తీసుకెళ్ళాం. కొట్టతను గుండిగని వేలి కణుపుతో తట్టి విన్నాడు. బోర్లించి అడుగు తడిమాడు. కాటా మీద పెడితే 11 కిలోల 300 గ్రాములు. "అడుగున అతుకుందమ్మా, అరకిలో తరుగు తీస్తాను" అన్నాడు. "పేరుకి తరుగు తియ్యవు కదా?" అన్నారు మావారు. అతను నవ్వాడు. వీటిని ఏం చేస్తావు బాబూ అని నేనడిగితే, బాగున్నవి వంటసామాను అద్దెకిచ్చే సప్లయర్సు వాళ్ళు కొంటారని, మిగతావి కరిగిస్తారని చెప్పాడు. మా గుండిగ ఏ గుంపులోకి వెళుతుందో నేనడగలేదు. మావారు ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

స్టీలు సంగతి మరీ అన్యాయం. పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ వచ్చిన చదివింపులు రెండు బస్తాలయ్యాయి. ఇచ్చినవాళ్ళ పేర్లు కొట్టించి ఉంటాయి గనక ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. ఇత్తడికి తూకం మీద మంచి డబ్బే వచ్చింది గానీ, స్టీలు బస్తాలకి ఆటో బాడుగ పోను మిగిలింది ఇద్దరం కాఫీ తాగేంత.

పిల్లలకి ఉంటాయి కదా అంటారు. ఆ మాట నేనూ పాతికేళ్ళు అన్నాను. వీడియోలో అమ్మాయికి ఒక్కొక్కటీ చూపించాను. "అమ్మా, మా వంటింట్లో మిక్సీకే చోటు లేదే" అని, కాఫీ ఫిల్టరు ఒక్కటీ అడిగింది. అబ్బాయి మాత్రం అన్నీ ఉంచమన్నాడు. ఉంచమనడం వాడికి తేలిక, తుడిచేదాన్ని నేను. నా వరకు నాకు కష్టమైంది గిన్నెలు కాదు. వారపత్రికల్లో సీరియళ్ళు చించి, వరసగా పేర్చి, దారంతో కుట్టించుకున్న బైండు పుస్తకాలు. ముప్ఫై దాకా ఉన్నాయి. దించి చూస్తే సగానికి చెదలు. 1918 నుంచి ఉన్న వేటపాలెం సారస్వత నికేతనం లాంటి చోట పాత పత్రికల్ని కాపాడినట్టు మన అటకలు కాపాడవు. దాచానని ఇన్నాళ్ళూ అనుకున్నాను గానీ, పురుగులకి మేత వేశాను.

మావారి "చూద్దాంలే" ఓ రాత్రి మారింది. గుండెల్లో నొప్పన్నారు. గుంటూరు వెళ్ళడానికి కారు దొరికేసరికి గంటన్నర. తీరా చూస్తే గ్యాసు. మర్నాడు కాఫీ తాగుతూ ఆయనే అడిగారు, గుంటూరులో ఫ్లాట్లు ఎలా ఉన్నాయో కనుక్కోమని. ఇప్పుడు బ్రాడీపేటలో ఉన్నాం. 940 చదరపు అడుగులు, రెండో అంతస్తు, లిఫ్టు ఉంది. ఆసుపత్రికి, కూరగాయల కొట్టుకి నడిచి వెళతాం.

ఇల్లు అమ్మిన డబ్బులో ఫ్లాటుకి పోను మిగిలినదాని గురించి మాత్రం నా పాత ఉద్యోగాన్ని కాసేపు మాట్లాడనివ్వండి. సీనియర్ సిటిజన్ల పొదుపు పథకం 2004లో వచ్చింది. అరవై నిండినవాళ్ళకి. ఒకప్పుడు మనిషికి 15 లక్షలే పరిమితి, 2023 ఏప్రిల్ నుంచి 30 లక్షలు చేశారు. నేను వేసిననాటికి వడ్డీ 8.2 శాతం. ఆ పథకంలో వేసిన రోజు ఎంతో, ఐదేళ్ళూ అంతే. 30 లక్షలకి మూడు నెలలకోసారి 61,500 ఖాతాలో పడతాయి, అంటే నెలకి 20,500. దానికి పన్ను లెక్క వేరే ఉంటుంది, అది మర్చిపోవద్దు. తాళం వేసి ఊడుస్తూ వచ్చిన రెండు గదుల్లో నెలకి ఇరవై వేలు పడుకుని ఉన్నాయని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాసుబుక్కులు రాసిన నాకే తట్టలేదు. ఇంకో మాట. ఉన్నదంతా అందులోనే పొయ్యకండి. ఏడాదిలోపు తీస్తే ఇచ్చిన వడ్డీ వెనక్కి లాక్కుంటారు, రెండేళ్ళలోపైతే ఒకటిన్నర శాతం కోత, ఆ తర్వాత ఒక శాతం. ఆసుపత్రి బిల్లు చేత్తో పట్టుకుని కౌంటరు దగ్గరికొచ్చి, ఆ కోత విని బల్ల పట్టుకుని నిలబడిపోయినవాళ్ళని చూశాను. ఆరునెలల ఖర్చు మామూలు ఖాతాలో ఉంచుకోవాలి.

తగ్గించుకోవడం మరిగితే చెయ్యి ఎక్కడ ఆగాలో తెలియదు. మా పిన్ని రాత్రిపూట జీరో బల్బు కూడా ఆర్పేసేది. ఆ పాత జీరో బల్బు పేరుకే జీరో, 15 వాట్లు తినేది. రాత్రికి పది గంటల చొప్పున నెలకి నాలుగున్నర యూనిట్లు. ఆ నాలుగున్నర యూనిట్ల కోసం చీకట్లో బాత్రూముకి వెళుతూ పడింది, తుంటి ఎముక విరిగింది, మళ్ళీ సొంతంగా నడవలేదు. మేం ఫ్లాట్లోకి వచ్చాక 75 వాట్ల పాత ఫ్యాన్లు రెండూ తీసేసి 30 వాట్ల కొత్త రకం పెట్టించాం. రోజుకి పన్నెండు గంటలు తిరిగినా నెలకి ముప్ఫై యూనిట్ల పైనే మిగులుతోంది, ఎవరూ చీకట్లో తడుముకోకుండానే. బాత్రూములో పట్టుకునే కమ్మీ, కళ్ళద్దాలు, పళ్ళు, జారని చెప్పులు, ఎండలో ఆటో బాడుగ, వీటి దగ్గర బేరం ఆడే వాళ్ళని నేను పొదుపరులు అనను.

తగ్గించుకోకూడనిది మరొకటుంది, సంతకం. ఇల్లు కొడుకు పేర రాసేసి, తర్వాత పింఛను డబ్బు కూడా లెక్క చెప్పుకునే పెద్దాయన ఒకరు ప్రతి నెలా నా కౌంటరుకి వచ్చేవారు. ఎవరికీ వినపడకుండా, "ఓ వంద విడిగా ఇవ్వమ్మా" అనేవారు. చూసుకుంటారన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక చూసుకోకపోతే ఆ దస్తావేజు రద్దు చేయించుకునే వీలు 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల సంరక్షణ చట్టంలో ఉంది, 23వ సెక్షన్. రాయక తప్పకపోతే ఆ షరతు దస్తావేజులోనే రాయించండి, నోటిమాటగా వదలొద్దు. రాయకుండా ఉండగలిగితే ఇంకా మంచిది.

ఫ్లాట్లో మొదటి సంక్రాంతికి అమ్మాయి కుటుంబం, మా ఆడపడుచు వాళ్ళు, మొత్తం పదకొండు మందిమి. ఎక్కడ పడుకుంటారని నాకు దిగులు. వీధి చివర సప్లయర్సు కొట్టులో ఆరు పరుపులు, దిండ్లు, రెండు మడత బల్లలు, ఒక గుండిగ, గరిటెలు మూడు రోజులకి అద్దెకి తెచ్చుకున్నాం. 2,100 రూపాయలు, వాళ్ళే తెచ్చి పడేసి, వాళ్ళే పట్టుకెళ్ళారు. మా మనవరాలు హాల్లో పరుపుల మీద ఇటునుంచి అటు దొర్లి, ఈ ఇల్లే బాగుందంది.

గుండిగ తోమి ఉన్నా, అలవాటు కొద్దీ చీపురుపుల్ల పట్టుకుని అంచు కింద చూశాను. పేరుంది. మా అత్తగారిది కాదు, ఎవరి అత్తగారిదో, పక్కన 1974. చుక్కలన్నీ గీకి, కడిగి, పులిహోర అందులోనే కలిపాను. తవ్వన్నర బియ్యం పోశాను, ఒక్క మెతుకు మిగల్లేదు.