పడేవాడే పహిల్వాన్

నారాయణఖేడ్‌లో కుస్తీ గురించి ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇటు బీదర్, అటు దెగ్లూర్, నడుమ మంజీర. జాతర వచ్చిందంటే తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర పహిల్వాన్లు ఒకే మట్టిలో దిగుతారు. కొబ్బరికాయ కోసం పిల్లలు పట్టే జోడీలతో మొదలై, పొద్దుగూకే వేళకు వెండి కడియం కుస్తీతో ముగుస్తుంది. డప్పు ఒక్కసారిగా జోరందుకుందంటే ఎవడిదో నడుము ఎవడికో దొరికిందని అర్థం. వెనక వరసలో నిలబడి ఏమీ కనబడని వాడికి కూడా అది తెలుస్తుంది.

అలాంటి జనం మధ్యకు తొంభైలలో కేబుల్ వైరు పట్టుకుని అమెరికా కుస్తీ వచ్చింది. మొదట ప్రైమ్ స్పోర్ట్స్, తరవాత స్టార్ స్పోర్ట్స్. పిల్లల జేబుల్లో ట్రంప్ కార్డులు చేరాయి. ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్ అన్నీ కంఠతా వచ్చేవి. పెద్దలు మాత్రం ఒక్క మాటతో కొట్టిపారేశారు: "గదంత ఉత్త డ్రామా రా బై."

డ్రామాయే. ఎవరు కాదన్నారు? 1989లో ఆ కుస్తీ నడిపే కంపెనీయే న్యూజెర్సీ సెనేట్ ముందు ఇది క్రీడ కాదు, వినోదం అని ఒప్పుకుంది. లైసెన్సులూ పన్నులూ తప్పించుకోవడానికి ఒప్పుకున్న సంగతి వేరే. కానీ చిందు భాగోతంలో కీచకుడు చస్తాడని తెలిసీ తెల్లవార్లూ కూర్చునేది మనమే కదా! చావు తెలిసినదే, ఎలా చస్తాడో చూడాలి. మట్టిలో భుజాలు ఆనినవాడు చిత్, వాడి కథ అంతటితో సరి. తెర మీది కుస్తీలో మాత్రం అసలు పనివాడు ఆ పడేవాడే. నేను ఇన్నేళ్లుగా వాదిస్తున్నది ఈ ఒక్క సంగతే.

పడటం ఎంత కష్టమో ముందు చెప్పాలి. రింగు అంటే పరుపు అనుకుంటారు. కింద ఇనుప దూలాలు, వాటి మీద చెక్క పలకలు, ఆపైన పలచటి ఫోమ్, దాని మీద కాన్వాస్. ఇంతే. వెల్లకిలా పడేటప్పుడు గడ్డాన్ని ఛాతీకి అదుముకోవాలి, లేకపోతే తల వెనక భాగం చెక్కకు తగులుతుంది. వీపు మొత్తం ఒకేసారి ఆనాలి. చేతులు చాపి అరచేతులతో నేలను చరచాలి, దెబ్బ అంతా ఒక్కచోట చేరకుండా పంచుకోవడానికి. ఊపిరి వదిలేయాలి. ఇదంతా రెప్పపాటులో, అదీ ఏళ్ల తరబడి, వారానికి ఎన్నోసార్లు. ఆ చప్పుడు నిజం, ఆ నొప్పి నిజం. ఛాతీ మీద అరచేతి దెబ్బలకు లేచే ఎర్రటి వాతలు రంగు కాదు.

ఇక టూంబ్‌స్టోన్ అనే పట్టు సంగతి. అండర్‌టేకర్ ఎదుటివాణ్ని తలకిందులుగా ఎత్తి, రొమ్ముకు హత్తుకుని, ధన్‌మని మోకాళ్ల మీద కూలుతాడు. చూసేవాడికి తల నేలలో దిగినట్టే ఉంటుంది. ఈసారి నిదానంగా చూడండి. పడేవాడి తల ఎత్తేవాడి తొడల మధ్య, మోకాలి కంటే కాస్త పైన ఉంటుంది. నేలను ముందు తాకేది మోకాళ్లు. దెబ్బంతా ఎత్తినవాడే తింటాడు. ఆ కాస్త ఎడమే ఎదుటివాడి ప్రాణం. 1997 సమ్మర్‌స్లామ్ షోలో ఓవెన్ హార్ట్ ఇదే పట్టును మోకాళ్ల మీద కాకుండా కూర్చుంటూ వేశాడు. ఎడం పోయింది. స్టీవ్ ఆస్టిన్ మెడ దెబ్బతిని, కాసేపు కాళ్లూ చేతులూ స్వాధీనం తప్పాయి. ఆ స్థితిలో పాకుతూ వచ్చి ఓవెన్‌ను చుట్టి మ్యాచ్ ముగించాడు. ఉత్త డ్రామా అన్న పెద్దలకు నేను చూపించే మొదటి ఉదాహరణ ఇదే.

ఈ విద్యలో నా దేవుడు బ్రెట్ హార్ట్. దాచుకోను. ఆయన ప్రత్యర్థి షాన్ మైకేల్స్ అభిమానులు ఈ పేరా దాటేసి వెళ్లినా నాకు అభ్యంతరం లేదు. కెనడాలోని కాల్గరీలో తండ్రి స్టూ హార్ట్ ఇంటి నేలమాళిగే బ్రెట్‌కు తాలీం. దానికి డంజన్ అని పేరు. అక్కడ అసలైన పట్లు పట్టించి ఏడిపించాకే నటన నేర్పేవారు. తన చేతుల్లో ఎదుటివాడెవడూ పెద్ద గాయం పాలవలేదన్నది బ్రెట్ ఎప్పుడూ గర్వంగా చెప్పుకునే మాట. ఖేడ్‌లో మా పక్క గల్లీ పాత పహిల్వాన్ ఒకాయన టీవీ ముందు ఎప్పుడూ పెదవి విరిచేవాడు. బ్రెట్ వచ్చినప్పుడు మాత్రం ముందుకు వంగేవాడు. "ఈయన తాలీంల తిన్నోడు. పాదం సూడు, యాడ పెడ్తున్నడో." నాకు అంతకంటే పెద్ద సర్టిఫికెట్ అక్కర్లేదు.

1992 వెంబ్లీ మ్యాచ్ చూడండి. లండన్‌లోని ఆ స్టేడియంలో 80,355 మంది అని కంపెనీ ప్రకటించింది. ఎదురుగా సొంత బావ, బ్రిటిష్ బుల్‌డాగ్ డేవీ బాయ్ స్మిత్. మ్యాచ్ మొదలైన కాసేపటికే డేవీకి అనుకున్నదంతా మరుపుకొచ్చిందని బ్రెట్ తరవాత చెప్పాడు. ఆ మీదట ప్రతి పట్టూ చెవిలో చెబుతూ, తానే నడిపిస్తూ, చివరికి తానే ఓడి, బెల్టు బావకు అప్పగించాడు. స్టేడియమంతా డేవీ పేరు అరిచింది. అరవాల్సింది బ్రెట్ పేరు! 1997లో రెజిల్‌మేనియా 13లో ఆస్టిన్ నెత్తురోడుతూ బ్రెట్ వేసిన షార్ప్‌షూటర్ పట్టులో చిక్కి, ఓటమి ఒప్పుకోకుండానే స్పృహ తప్పిన ఘట్టం కూడా ఇలాంటిదే. గెలిచిన బ్రెట్ ఆ రాత్రితో విలన్ అయ్యాడు, ఓడిన ఆస్టిన్ హీరో అయ్యాడు. ఒక్క మ్యాచ్‌లో ఇద్దరి జాతకాలూ తారుమారు. మాటలతో కాదు, పట్లతో చేశారు. 2025లో ఆ మ్యాచ్‌నే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు, ఆలస్యంగానైనా.

మేనేజర్ల గురించి రాయకపోతే తొంభైల కుస్తీ గురించి రాసినట్టే కాదు. కొండంత మనిషికి నోరు లేకపోతే ఆ నోరు మేనేజర్ అయ్యేవాడు. తిట్లు తినేది వాడు, మోసం చేసేది వాడు, చివరికి తన్నులు తిని జనం కడుపు చల్లబరిచేదీ వాడే. బాబీ హీనన్‌ను మించినవాడు పుట్టలేదు. 1992 రాయల్ రంబుల్‌లో రిక్ ఫ్లెయిర్ మూడో నంబరులో దిగి గంటసేపు నిలిచి గెలిచాడు. ఆ గంటా కామెంటరీ బల్ల దగ్గర హీనన్ పడ్డ ఆరాటం వింటే, రింగులో పోరాడుతున్నది హీననేమో అనిపిస్తుంది. జిమ్మీ హార్ట్ చేతిలో మెగాఫోన్. ఆయన 1965లో హిట్ కొట్టిన జెంట్రీస్ అనే పాటల బృందంలో గాయకుడు. జిమ్ కార్నెట్ చేతిలో టెన్నిస్ రాకెట్. మిస్టర్ ఫూజీ గుప్పిట్లో ఉప్పు, ఎదుటివాడి కళ్లలో కొట్టడానికి.

పాల్ బేరర్ లెక్క వేరు. తెల్లటి సున్నం మొహం, గొంతు చించుకునే కీచు స్వరం, చేతిలో అస్థికలశం. ఆ కలశం ఎత్తితే చచ్చాడనుకున్న అండర్‌టేకర్ లేచి కూర్చునేవాడు. పాత్ర పేరు వెనక ఉన్న విలియం మూడీ నిజంగానే శవసంస్కారాలు చేసే వృత్తిలో చదువూ లైసెన్సూ ఉన్న మనిషి. అందుకే ఆ కలశం పట్టుకున్న తీరులో నటన కనబడేది కాదు. 1996 సమ్మర్‌స్లామ్‌లో అదే కలశంతో అండర్‌టేకర్ నెత్తి మీద కొట్టినప్పుడు మా వీధిలో అన్నం ముట్టని పిల్లలున్నారు.

పేర్ల సంగతి తవ్వితే తరగదు. 1990 సర్వైవర్ సిరీస్‌లో తొలిసారి వచ్చినప్పుడు అండర్‌టేకర్‌ను కేన్ ది అండర్‌టేకర్ అని పిలిచారు. ఆ మొదటి సగం తీసేసి దాచి, ఏడేళ్ల తరవాత కథలోని తమ్ముడికి పెట్టారు! ఆ తమ్ముడి వేషం కట్టిన గ్లెన్ జాకబ్స్ అంతకుముందు ఐజాక్ యాంకెమ్ అనే పళ్ల డాక్టరు వేషం వేశాడు. 2018లో టెనెసీలోని నాక్స్ కౌంటీకి మేయర్ అయ్యాడు. యోకోజునా అనేది జపాన్ సూమోలో అత్యున్నత హోదా. ఆ పేరుతో 230 కిలోలకు పైగా బరువుతో మనల్ని భయపెట్టిన రాడ్నీ అనోవాయి జపాన్ వాడు కాడు, సమోవా కుటుంబంవాడు. ఆయన మేనేజర్ ఫూజీ పుట్టింది హవాయిలో. నిజంగా జపాన్‌లో సూమో ఆడినవాడు కెనడాకు చెందిన జాన్ టెంటా. ఆయనకేమో ఎర్త్‌క్వేక్ అని పేరు పెట్టారు. ఎనిమిదడుగులని ప్రకటించిన జయంట్ గొంజాలెజ్ అర్జెంటీనా బాస్కెట్‌బాల్ ఆటగాడు, 1988లో అట్లాంటా హాక్స్ జట్టు ఎంపిక చేసుకున్నవాడు. పాపా షాంగో, కామా, గాడ్‌ఫాదర్ ముగ్గురూ ఒక్కడే, చార్ల్స్ రైట్. మిక్ ఫోలీ మూడు పేర్లతో 1998 రాయల్ రంబుల్‌లోకి ఒకే రాత్రి మూడుసార్లు దిగాడు.

ఇంత పని ఉన్నచోట నకిలీ పుట్టకుండా ఉంటుందా? 1994 సమ్మర్‌స్లామ్‌లో కంపెనీయే ఒక దొంగ అండర్‌టేకర్‌ను తయారుచేసింది. టెడ్ డిబియాసీ వెంటబెట్టుకొచ్చిన ఆ మనిషి పేరు బ్రయాన్ లీ. అదే టోపీ, అదే కోటు. నడక మాత్రం రాలేదు. అసలువాడు వచ్చి పడగొట్టాడు, పీడ పోయిందనుకున్నాం. రెండేళ్లు తిరక్కుండా అదే బ్రయాన్ లీ హిందీ సినిమా ఖిలాడియోంకా ఖిలాడీలో అండర్‌టేకర్‌నంటూ దిగి అక్షయ్ కుమార్ చేతిలో దెబ్బలు తిన్నాడు. అక్షయ్ అసలు అండర్‌టేకర్‌ను ఎత్తేశాడని ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పేవాళ్లు మా వైపు ఉన్నారు. కాదు, కాదు, కాదు! ఆయన ఎత్తింది నకిలీని. అదే 1996లో రేజర్ రామోన్, డీజిల్ ఇద్దరూ పోటీ కంపెనీకి వెళ్లిపోతే, ఆ వేషాలే వేరేవాళ్లకు తొడిగి రింగులోకి తోశారు. పళ్లపుల్ల ఒకటి నోట్లో పెట్టినంత మాత్రాన అసలు రేజర్ అయిన స్కాట్ హాల్ అయిపోతాడా? జనం అరిచి ఇంటికి పంపారు. ఆ జనానికి నా దండాలు.

ఇప్పటి కంపెనీకి ఆ జనానికున్న బుద్ధి కూడా లేదు. పేరంటే ఎంత విలువో తెలియక కత్తెర పట్టుకుని కూర్చున్నారు. ఆంటోనియో సెసారోను సెసారో చేశారు, అలెగ్జాండర్ రుసేవ్‌ను రుసేవ్ చేశారు, బిగ్ ఈ లాంగ్‌స్టన్‌కు బిగ్ ఈ మిగిల్చారు. మేనేజర్లను ఏరిపారేశారు. ఈ కాలంలో పాల్ హేమన్ లాంటి ఒకరిద్దరు లేకపోతే ఆ విద్య పేరు చెప్పుకోవడానికి కూడా మనిషి ఉండడు. ప్రతి మాటా ఎవరో రాసిచ్చింది, ప్రతి దెబ్బకూ కెమెరా కోణం మారుతుంది. పడేవాడు పడే క్షణాన్నే కోసేస్తే ఇక చూడటానికేముంది? 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి జాన్ సీనా వచ్చాడు. మన గడ్డ మీద అంత పెద్ద షో జరగడం సంతోషమే, జనం ఊగిపోయారు. కానీ చేతిలో కలశంతో ఒక్క మనిషి ఆ రింగు పక్కన నిలబడి ఉంటే ఆ రాత్రి ఇంకెంత గొప్పగా ఉండేదో, తొంభైలు చూసినవాడికే తెలుసు.

అంతకంటే కోపం తెప్పించేది మన గల్లీల్లో నడుస్తున్న నకలు. రీల్స్ కోసం డాబా మీద నుంచి దూకడం, ట్యూబ్‌లైట్లు నెత్తిన పగలగొట్టుకోవడం. 1998లో పిట్స్‌బర్గ్‌లో మిక్ ఫోలీ 16 అడుగుల బోను పైనుంచి కామెంటరీ బల్ల మీద పడ్డ వీడియోనే వీళ్లకు గురువు. ఫోలీ గొప్పతనం ఆ పడటంలో లేదు. స్ట్రెచర్ దిగి తిరిగి బోనెక్కి, మళ్లీ పడి, ముక్కు దగ్గర విరిగిన పన్నుతో కూడా మ్యాచ్ చివరిదాకా నిలబెట్టడంలో ఉంది. అదీ ఏళ్లకేళ్లు పడటం నేర్చిన ఒళ్లు కాబట్టి. మరుసటి ఏడాది మేలో కన్సాస్ సిటీలో బ్రెట్ తమ్ముడు ఓవెన్ హార్ట్ రింగులోకి దిగే తీగ ఊడి పై కప్పు దగ్గర నుంచి పడి చనిపోయాడు. అది కుస్తీ పట్టు కాదు, కుస్తీతో సంబంధమే లేని ఆర్భాటం. అన్నదమ్ములందరిలోకీ నవ్వుతూ నవ్విస్తూ ఉండే ఓవెన్‌ను అలా పోగొట్టుకున్నామంటే నాకు ఈ రోజుకీ మనసొప్పదు.

జాతర కమిటీల పెద్దలకు నాదొక విన్నపం. మన మట్టి కుస్తీకి ఏ కల్పనా అక్కర్లేదు. ధోబీపాట్ వేసి భుజం మీదుగా విసిరినప్పుడు లేచే దుమ్ము చాలు. కానీ తాలీంలకు తాళాలు పడుతున్నాయి, డప్పును డీజే మింగేస్తోంది. డప్పును తిరిగి పిలవండి. మైకు చందాలు చదివేవాడికి కాకుండా పట్లు తెలిసినవాడికి ఇవ్వండి, ఏ పట్టు ఎలా తెగిందో జనానికి విప్పి చెప్పనివ్వండి. పిల్లలకు ఎత్తడం కంటే ముందు పడటం నేర్పించండి. కడియం గెలిచినవాడికే ఇవ్వండి. కానీ చివరి కుస్తీలో అరగంట నిలిచి చిత్ అయిన పహిల్వాన్ ఉంటాడే, వాడి పేరు, వాడి ఊరు కూడా అదే మైకులో, అంతే గట్టిగా చెప్పించండి.