అట్టా క్వామీ: అంచులు కలవని చోట

రంగుల పట్టీలు. గళ్ళు. అడ్డంగా, నిలువుగా గీతలు. అట్టా క్వామీకి పేరు తెచ్చిన బొమ్మల్లో మనిషి ఉండడు, చెట్టుండదు, ఇల్లుండదు. అలాంటి పెయింటర్ ఏళ్ళ తరబడి పరిశోధన చేసి ఒక పుస్తకం రాశాడు. 2013లో వచ్చిన ఆ పుస్తకం పేరు ‘కుమాసీ రియలిజం’. అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలేసేవాడికి రియలిజంతో ఏం పని?

కొన్నాళ్ళుగా నన్ను వదలని ప్రశ్న ఇది. క్వామీ గురించి ఇంగ్లిషులో వచ్చే పరిచయాలు చదివితే జవాబు దొరకదు సరికదా, ప్రశ్నే మాయమైపోతుంది. అన్నీ దాదాపు ఒకే మాట చెప్తాయి: ఘనా చిత్రకారుడు, కెంటే నేతనుంచి ప్రేరణ పొందాడు. అయిపోయింది. ఇక బొమ్మ చూడక్కర్లేదు.

క్వామీ 1956లో ఆక్రాలో పుట్టాడు. అప్పటికింకా అది గోల్డ్ కోస్ట్, స్వతంత్రం మరుసటి ఏడాది వచ్చింది. తల్లి గ్రేస్ సలోమీ క్వామీ శిల్పి, చిత్రకారిణి, ఆర్ట్ టీచర్. కుమాసీలోని ఎన్‌క్రుమా యూనివర్సిటీలో చదువుకుని, తర్వాత అక్కడే దాదాపు రెండు దశాబ్దాలు పాఠం చెప్పాడు. ఆయన భార్య పమేలా క్లార్క్‌సన్ కూడా ఆర్టిస్టే, ఇంగ్లండ్ మనిషి. అలా ఆయన జీవితం కుమాసీకీ ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోకీ మధ్య నడిచింది. బయోగ్రఫీ ఇంతవరకూ చాలు.

కుమాసీ దగ్గర కాస్త ఆగాలి. యూనివర్సిటీ లోపల ఆర్ట్ కాలేజీ ఉంది, బ్రిటిష్ వాళ్ళ కాలంలో పడిన చదువు పునాదులతో. గేటు బయట ఊరు నిండా ఇంకో రకం పెయింటర్లున్నారు. మంగలి షాపులకి హెయిర్‌స్టయిళ్ళ బోర్డులు రాసేవాళ్ళు, లారీల మీద సూక్తులు రాసేవాళ్ళు, ఫొటో ఇస్తే పోర్ట్రెయిట్ వేసిచ్చేవాళ్ళు. వాళ్ళలో బాగా పేరున్నవాడు క్వామే అకోటో. సువామేలో ‘ఆల్మైటీ గాడ్ ఆర్ట్ వర్క్స్’ అని వర్క్‌షాప్ పెట్టుకుని, చివరికి తనే ‘ఆల్మైటీ గాడ్’ అయిపోయాడు. (ఇంతకన్నా ధైర్యమైన కలంపేరు నాకెక్కడా తగల్లేదు.) కాలేజీ మనుషులు ఇలాంటివాళ్ళని మామూలుగా ‘జానపద’ అనే గదిలో పెట్టి తలుపేస్తారు. క్వామీ ఆ తలుపు తీశాడు. కాలేజీ పెయింటర్లనీ వీధి పెయింటర్లనీ ఒకే చరిత్రలో, ఒకే ఆధునికతలో భాగంగా రాశాడు. దయతో చేసిన పని కాదది. ఆయన కన్ను తయారైంది ఆ వీధిలోనే. పుస్తకం ఒకరకంగా ఆ బాకీ ఒప్పుకోవడం.

ఇప్పుడు బొమ్మల దగ్గరికి వద్దాం. కెంటే ప్రభావం అబద్ధం కాదు. ఎవే, అశాంతే నేతగాళ్ళు సన్నటి మగ్గం మీద నాలుగంగుళాల వెడల్పు పట్టీలు నేస్తారు. వాటిని పక్కపక్కన కుడితే బట్ట అవుతుంది. కుట్టేటప్పుడు ఒక పట్టీలో గడి పక్క పట్టీలో గడికి సరిగ్గా కలవకపోవచ్చు, కొంచెం జారొచ్చు. ఆ జారుడులోంచే బట్టకి కదలిక వస్తుంది. క్వామీ పటాల్లో కూడా పసుపు గడి పక్కన నీలం గడి ఓ వేలెడు కిందికి దిగి ఉంటుంది. గీత తిన్నగా బయల్దేరి మధ్యలో చెయ్యి వణికినట్టు వంగుతుంది. స్కేలు పెట్టి గీసినవాడి గళ్ళు కావివి. అందుకే ఆయన్ని మోండ్రియాన్ పక్కన కూర్చోబెట్టేవాళ్ళ మాట నాకు నచ్చదు.

అయితే కెంటే అనగానే సంతృప్తిపడిపోయేవాళ్ళదీ అదే తప్పు. యూరప్ వాడు గళ్ళు వేస్తే అది ఆలోచన, ఆఫ్రికా వాడు వేస్తే వాళ్ళ తాతల బట్ట! కుమాసీలోనే చదివిన ఎల్ అనత్సుయి సీసా మూతల తెరలకి కూడా మొదట అంటించిన చీటీ అదే. ఒక పెయింటర్‌కి తన రంగు తను ఎంచుకునే హక్కు లేదన్నమాట, కులవృత్తిలా రావాల్సిందే. మనమూ తక్కువేం కాదు. నేసేవాణ్ణి ఎప్పుడైనా చిత్రకారుడు అన్నామా?

నాకు క్వామీ బొమ్మల్లో కెంటే కన్నా ఎక్కువగా కనిపించేది బడ్డీకొట్టు. పశ్చిమ ఆఫ్రికా ఊళ్ళలో రోడ్డు పక్కన చెక్క కియోస్కులుంటాయి. ఒక పలక ఆకుపచ్చ, పక్కది మిగిలిన డబ్బాలోని గులాబీ, మీద పాత రంగు పెచ్చులు. ఎవరూ డిజైన్ చేయలేదు, కానీ ఎవరో ఎంచుకున్నారు. క్వామీ కాన్వాసుతో ఆగక అలాంటి కియోస్కులూ తోరణాలూ నిజంగానే కట్టించి రంగులేశాడు. 2021లో ఇంగ్లండ్ సముద్రతీరంలో ఫోక్‌స్టన్ ట్రైయెనియల్‌కి చేసినది అలాంటిదే. అప్పుడు అర్థమైంది ‘రియలిజం’ అంటే ఏమిటో. ఊరి పోలిక తీసి రంగు ఉంచేశాడు. ఊరు ఎక్కడికీ పోలేదు.

అన్నీ ఒకే స్థాయిలో ఉన్నాయని చెప్పను. పెద్ద గోడమీదికి వెళ్ళేసరికి ఆయన పట్టీలు కొంచెం ముస్తాబవుతాయి. పార్కులో సెల్ఫీకి బ్యాక్‌గ్రౌండ్ అయ్యే ప్రమాదంలో పడతాయి. చిన్న పటాల్లోనే ఆయన బలం: ఒక రంగు కిందనుంచి ఇంకో రంగు తొంగిచూసే చోట, బ్రష్షు మనసు మార్చుకున్న చోట. ఫోన్‌లో చూసేవాళ్ళు దయచేసి జూమ్ చేయండి. అంచుల దగ్గర.

గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. మరియా లాస్నిగ్ ప్రైజ్ కెరీర్ మధ్యలో ఉన్న ఆర్టిస్టులకిచ్చేది. 2019లో బెంగళూరు షీలా గౌడకి వచ్చింది, 2021లో క్వామీకి. అదే ఏడాది అక్టోబరులో ఆయన చనిపోయాడు. ‘మధ్యలో’ అన్న మాట ఎంత క్రూరంగా మారిందో! ప్రైజ్‌లో భాగమైన కుడ్యచిత్రం లండన్ సర్పెంటైన్ తోటలో ఆయన లేకుండానే 2022లో జనం ముందుకొచ్చింది.

అంతకు చాలా ముందు, 1993లో, ఆయన ఒక ఆర్టిస్ట్ బుక్ చేశాడు. తెరిస్తే సాలీడులా కాళ్ళు చాపుకుంటుంది. అక్కడి కథల్లోని జిత్తులమారి అనాన్సే సాలీడే కదా. పుస్తకం పేరు ‘గ్రేస్ క్వామీ స్కల్ప్చర్’, అమ్మ శిల్పాల గురించి. లండన్ గోడబొమ్మకి ఎవే భాషలో పెట్టిన పేరు ‘డ్జిడ్జో క్ప్లే అమెనువెవె’. ఆనందం, కృప అని. ఇంగ్లిషులో రెండో మాట గ్రేస్. అది కాకతాళీయమంటే నేను నమ్మను.