నీడ పోయినవాని ఫిర్యాదు

తెలుగు చలనచిత్రములలో నేరపరిశోధన కథలకు కొదువ లేదు. విమర్శకు నిలువదగినవి మాత్రము కొలది. 2017 నవంబరులో విడుదలయై, ప్రేక్షకుల మన్ననకు అంతగా నోచుకొనక మరుగుపడిన 'నెపోలియన్' అట్టి కొలదివానిలో నొకటియని నా యభిప్రాయము. దీని రచయితయు, దర్శకుడును, కథానాయకుడును శ్రీ ఆనంద్ రవి యొక్కరే. అంతకు మున్ను 'ప్రతినిధి' (2014) చిత్రమునకు రచన చేసినవారు వీరు. పేరు చూచి ఇది ఫ్రెంచి చక్రవర్తి చరిత్రయని భ్రమపడరాదు.

ఒక సామాన్యుడు పోలీసు ఠాణాకు వచ్చును. ఇల్లు దోపిడి కాలేదు, సొమ్ము పోలేదు. 'నా నీడ పోయినది, వెదకి ఇప్పింపుడు' అనునదియే వాని ఫిర్యాదు. పిమ్మట మరియొక మాట చెప్పును: రోడ్డు ప్రమాదమున మరణించెనని యందరును నమ్మిన తిరుపతి యను వ్యక్తి నిజమునకు హత్య చేయబడెననియు, ఈ సంగతి భగవంతుడు తనకు కలలో తెలిపెననియు. రవివర్మ ధరించిన పోలీసు అధికారి పాత్ర అచటనుండి విచారణకు పూనుకొనును. మిగిలిన కథ చెప్పినచో చూడబోవువారికి అన్యాయము చేసినట్లగును.

1946లో ఫ్రెంచి విమర్శకులు కొన్ని అమెరికను నేరచిత్రములకు 'ఫిల్మ్ నువార్' అని పేరిడిరి. నల్లని చిత్రమని దాని యర్థము. అందు మంచిచెడ్డల నడుమ గీత చెరిగిపోవును. ఆ సంప్రదాయమును అనుసరింపబూనిన మనవారు పలువురు చీకటి వీధులను, వానను, పొగను తెచ్చుకొనిరే కాని దాని ప్రాణమును తేలేకపోయిరి. ఆనంద్ రవి అట్లు చేయలేదు. నీడను తెరమీద పరచుటకు మారుగా దానిని కథలోనుండియే తొలగించి, దాని లేమినే నేరముగా నిలిపినారు.

ఈ కల్పన జర్మను రచయిత షమిస్సో 1814లో ప్రకటించిన పీటర్ ష్లెమీల్ కథనుండి వచ్చినదని కొందరనవచ్చును. అందు నాయకుడు ఎన్నటికిని తరుగని బంగారు సంచికై తన నీడను అమ్ముకొనును. అచట నీడ అమ్మకపు సరకు. ఇచట అట్లు కాదు. మన భారతకథలో దమయంతి స్వయంవరమున నలుని రూపు దాల్చిన దేవతలకు నీడ లేదు. నీడ గలవాడే నలుడు. అనగా నీడ మానుషత్వమునకు గురుతు. సుందరకాండమున సింహిక హనుమంతుని నీడను పట్టి లాగినది. అనగా నీడ మనిషిని పట్టుకొనుటకు పిడి. ఈ రెండు భావములును తెలుగు ప్రేక్షకునికి బోధింపనక్కరలేనివి. నీడ లేనివాడు దేవుడైనను కావలెను, దయ్యమైనను కావలెను. ఎట్లైనను పోలీసు చేతికి చిక్కువాడు కాడు. అట్టివాడు తనంత తానుగా ఠాణాకు నడచివచ్చి, దేవుని పేరే సాక్ష్యముగా చెప్పుట ఈ కథలోని సొగసు.

ఇంతకంటె లోతైనది మన నుడికారమున నున్నది. తెలుగున నీడ యనగా ఛాయ మాత్రమే కాదు, ఆశ్రయము కూడ. నీడపట్టున నుండుట, ఒకరి నీడన బ్రతుకుట, నిలువ నీడ లేకపోవుట మన నిత్యవ్యవహారము. కావున 'నీడ పోయినది' అను మాట విన్నప్పుడు ఠాణాలోనివారికి వింతయు, మనకు ఒక దిగులును తోచును. విశాఖవాసులకు ఇది మఱింత స్పష్టము. 1971 జనవరి 20వ తేదీన ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. దానికై ఊళ్లు విడిచినవారు నిర్వాసితులను పేరుతో కార్యాలయముల గుమ్మములయందు అర్జీలు పట్టుకొని నిలిచిరి. పోయినది నీడయే. ఏ పద్దు క్రింద వ్రాయవలెనో గుమాస్తాకు తెలియదు.

కథానాయకుడే దర్శకుడగుట మనకు క్రొత్త కాదు. 'దానవీరశూరకర్ణ' (1977)లో నందమూరి తారకరామారావు దర్శకత్వము వహించుటయే కాక మూడు పాత్రలు ధరించిరి. అచట దర్శకాధికారము నటుని పెంచినది. 'నెపోలియన్'లో అది నటుని తగ్గించినది: నాయకునికి నీడయైనను మిగుల్పలేదు. పైగా ఈ నాయకునికి తెలిసినదెంత, దాచినదెంత యను సందేహము తుదిదాక నిలువవలెను. ముఖమున ఎంత కనబడవలెనో నిర్ణయించువాడును, ఆ ముఖము గలవాడును ఒక్కరే యగుటచే ఆ కొలత తప్పలేదు.

లోపము లేదనను. ఉత్తరార్ధమున హత్య ప్రశ్న ముందునకు వచ్చి, నీడ ప్రశ్న వెనుకబడినది. చూపవలసినది మాటలలో చెప్పబడినది. సంభాషణారచయితకు దర్శకుడు లొంగిపోయెననిపించును. చిత్రము మరుగుపడుటకు ఇదియు నొక కారణము కావచ్చును. కాని తొలిసగము చేసిన పని దీనిచేత చెడదు.

ఈ రచయితకు ఇదియొక పట్టుదల యనుటకు 2022 డిసెంబరు 31న వచ్చిన 'కొరమీను' నిదర్శనము. దర్శకుడు శ్రీపతి కర్రి. రచనయు, నాయకపాత్రయు ఆనంద్ రవివే. కథాస్థలము మన విశాఖలోని జాలరిపేట. సముద్రతీర కథకు చెరువు చేప పేరు పెట్టుట చిత్రమే. అయినను బురదలో బ్రతుకుచు చేతికి జారు జంతువు గనుక పేరు అతికినది. సాధారణముగ మన చిత్రములకు విశాఖ యనగా పాటకు తగిన ఇసుకతిన్నె. ఇందు అట్లు గాక, వలలవారి పేట కథకు మూలమైనది. ఇచట పోయినది ఒక పోలీసు అధికారి మీసము. ఎవరో రాత్రికి రాత్రి గొరిగిరి. నీడవలెనే మీసమునకును చట్టమున వెల లేదు. అయితే ఈ పర్యాయము ఫిర్యాదు వ్రాసికొనవలసినవాడే ఫిర్యాదుదారు.