అంకెలు పలికిన పద్యము

అగ్ని యనిన మూడు, ఏనుగనిన ఎనిమిది, ఆకాశమనిన సున్న. పూర్వపు గణితజ్ఞులును శాసనకవులును అంకెలను ఇట్లు వస్తువుల పేర్లతో చెప్పుచుండెడివారు. దీనికి భూతసంఖ్య యని పేరు. సంఖ్యల సంకేతార్థములను గూర్చి ఎంతయైనను వ్రాయవచ్చును. కాని ప్రకృతి, పురాణము, మానవుని బుద్ధివికాసము అను మూడును ఒక్కచోట కలిసిన తెలుగు పద్యము నొకదానిని పరిశీలించుట అంతకంటె ఫలవంతమని మేము తలంచితిమి. పావులూరి మల్లనదిగా ప్రసిద్ధికెక్కిన చతురంగపు గడుల పద్యమే అది.

మల్లన గ్రంథము సారసంగ్రహ గణితము. దానికి మూలము, 9వ శతాబ్దిలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలమున, జైనుడైన మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహము. అనగా కన్నడ ప్రభువు నేలుబడిలో వెలసిన శాస్త్రము తెలుగున పద్యరూపము దాల్చినది. మల్లన శైవుడు, మూలములోని జైన సంప్రదాయపు మాటలకు మారుగ శివపరమైన మాటలను నిలిపెను. లెక్కను మాత్రము మార్చలేదు. ఇల్లు మారినపుడు ఏది మార్చుకొనవచ్చునో, ఏది మార్చరాదో ఆయనకు తెలియును.

ఇక పద్యవిషయము. చతురంగపు పలకకు 64 గడులు. మొదటి గడికి 1, రెండవదానికి 2, మూడవదానికి 4, ఇట్లు రెట్టించుచు పోయినచో మొత్తమెంత? 18446744073709551615. ఈ 20 అంకెలను కవి ఒకట్ల స్థానమునుండి మొదలిడి ఎడమవైపునకు వరుసగా చెప్పెను. మొదటి మాట ‘శర’, అనగా మన్మథుని బాణములు, 5. ఇది సరియో కాదో ఇంటి పిల్లలును తేల్చగలరు. రెండును రెట్టించుచు పోయినచో చివరి అంకెలు 2, 4, 8, 6 అని తిరిగి తిరిగి వచ్చును. 64వ మెట్టున 6 వచ్చును. మొత్తము దానికంటె ఒకటి తక్కువ కావున 5. కవి తప్పలేదు.

ఈ 20 మాటలలో చంద్రుడు, కొండ, సముద్రము, అగ్ని, ఆకాశము ప్రకృతినుండి వచ్చినవి. మన్మథుని బాణములు, బ్రహ్మముఖములు పురాణమునుండి వచ్చినవి. వేదములు, తర్కములు విద్యలనుండి వచ్చినవి. తొమ్మిదికి చెప్పిన ‘రంధ్ర’ శబ్దము మన శరీరమునందలి నవద్వారములే. వీని నడుమ రెండుమారులు ఆకాశము వచ్చును. ఆకాశము శూన్యము, కాని ఆ శూన్యము నొక్కదానిని పలుకక విడిచినచో మొత్తము ఇంచుమించు పదవవంతునకు పడిపోవును. ఏమియు లేనిదానికి ఒక స్థానమిచ్చుట మానవబుద్ధి వేసిన గొప్ప అడుగు. ఆ అడుగునకు ఆకాశమని పేరిడుట కవిహృదయము.

ఒకే యంకె పలుమారులు వచ్చినపుడు కవి మాట మార్చుటలో నేర్పున్నది. ఏడు మూడుమారులు రాగా నగము, భూధరము, గిరి యనెను. రెండు అయిదులు ప్రక్కప్రక్కన రాగా ఒకటి శరము, రెండవది సాయకము. ఇది కేవలము పునరుక్తిభయము కాదు. పద్యము చంపకమాల, పాదమున 11వ అక్షరము యతిస్థానము. ‘శ’తో మొదలైన పాదమునకు అచ్చట ‘సా’ సరిగా కుదిరినది. ఎనిమిదికి గజమనక కుంజరమనుటకు కారణము ప్రాస. ఆ మాట రెండవ పాదము చివర మొదలై మూడవ పాదమున ముగియును. అప్పుడు ‘ర’ రెండవ అక్షరమై నిలుచును. మరియొక విశేషము: నగమనిన 7, నాగమనిన 8. వ్రాయసకాడు దీర్ఘమొకటి అధికముగ పెట్టినచో లెక్క చెడును. కాని ఆ చోట దీర్ఘము పడినచో గణము తప్పును, చెవి పట్టుకొనును. ఛందస్సు ఇచ్చట అలంకారము కాదు, కావలి.

లోపమును చెప్పకుండుట విమర్శ కాదు. తొలి ఆరింటికి కవి ‘షట్క’మని ఊరకుండెను, అది పేరు కాదు, అంకెయే. పేర్ల వరుసలో ఏక చిత్రమును లేదు. చంద్రుని ప్రక్కన బాణమున్నను వానికి పొత్తు లేదు. ఇది రసకావ్యమని మేము చెప్పము. కాని సంకేతమును లెక్కకు లొంగదీసిన రచన యిది.

లెక్క సంకేతమునకు లొంగిన చోటులును మనకున్నవి. కృష్ణదేవరాయల కొలువున అష్టదిగ్గజములనగానే ఎనిమిది పేర్లు అప్పగింతురు. రాయలు 1529లో గతించెను. రామరాజభూషణుని వసుచరిత్ర అంకితము నందినది అళియ రామరాయల తమ్ముడు తిరుమలరాయలు. ఆ కవి తరువాతి తరమువాడు. దిక్కు లెనిమిది కావున కవులును ఎనమండ్రు కావలసి వచ్చిరి. ఎనిమిది యచ్చట పూర్ణత్వమునకు గుర్తు, తలల లెక్క కాదు. గుర్తును గుర్తుగా గౌరవింపవలెను; చరిత్రగా నమ్మరాదు. శుభసంఖ్యలని వాహనములకును తలుపులకును వెదకువారికిని ఇదియే మా మనవి.

ఇది మన ముంగిటి విషయము కూడ. బెంగుళూరునను మదరాసునను బరంపురమునను షోలాపురమునను మన పిల్లలు బడిలో నేర్చిన భాషలోనే లెక్కించుకొందురు. అందు తప్పు లేదు. 64 గడుల మొత్తము ఏ భాషలోనైనను అదియే. శరము, వేదము, కుంజరము ఇరుగుపొరుగు పండితులకును తెలిసిన మాటలే. ప్రాస కన్నడమునకును కలదు. కాని శరమునకు సాయకము చెలిమి చేయు యతిమైత్రిని నియమముగ పాటించిన చెవి తెలుగు చెవి. మన యిండ్ల మరుగున పడిపోవునది సంఖ్య కాదు, ఆ చెవి. తెలుగు ఎక్కములు మరచిన పిల్లవానికి ఈ పద్యమును కాగితముమీద అంకెలు వేసి చూపుడు. ఏనుగు దగ్గరకు వచ్చునప్పటికి వాడే ‘ఎనిమిది’ యనును. ఆ ఒక్కమాట వాడు తెలుగున అన్నచో మల్లన శ్రమయు, మన శ్రమయు ఫలించినట్లే.