సహకారం సరే, ఎవరి కోసం?

రాబర్ట్ కోహేన్ ‘ఆఫ్టర్ హెజెమొనీ’ 1984లో వచ్చింది. అమెరికా పట్టు సడలుతోందని అంతా అనుకుంటున్న రోజులవి. పెద్దన్న బలం తగ్గాక దేశాలు కలిసి పనిచేస్తాయా? చేస్తాయంటారు కోహేన్, మంచితనంతో కాదు, స్వప్రయోజనం కోసమే. అంతర్జాతీయ సంస్థలు సమాచారం అందిస్తాయి, బేరసారాల ఖర్చు తగ్గిస్తాయి, మాట తప్పినవాళ్లను పట్టిస్తాయి. సహకారమంటే సామరస్యం కాదని, గొడవ ఉన్నచోటే దాని అవసరమని చెప్పడం ఈ పుస్తకంలోని అసలు బలం.

కానీ ఆయన ఉదాహరణలు వాణిజ్యం, డబ్బు, చమురు. అవీ ఎక్కువగా సంపన్న దేశాల మధ్యవే. మిగతావాళ్ల సంగతో?

కోవిడ్ టీకాలు, మందులు, పరీక్షల మీద మేధోహక్కుల్ని కొంతకాలం పక్కనపెట్టమని 2020 అక్టోబరులో భారత్, దక్షిణాఫ్రికా డబ్ల్యూటీవోని అడిగాయి. 2022 జూన్‌లో దక్కింది టీకా పేటెంట్లకే పరిమితమైన సడలింపు. ఇక్కడ కొరత సమాచారానిది కాదు. అందరూ ఒప్పుకుంటే తప్ప ఏదీ కదలని పద్ధతి, వద్దన్నవాళ్లకి బాగా కలిసొచ్చింది.

పేద దేశాలకి జరిగే అన్యాయాన్ని కోహేన్ గుర్తించకపోలేదు. కాకపోతే ఆ చర్చ పుస్తకం చివర్లో వస్తుంది, సిద్ధాంతం కట్టేశాక. సంస్థలు ఎందుకు బతుకుతాయో తెలియాలంటే ఈ పుస్తకం చదవాల్సిందే. టీకా ముందు ఎవరికి అందిందని అడగాలంటే మాత్రం చివరి అధ్యాయం నుంచి మొదలుపెట్టాలి.